పిల్లల సైన్స్ వీడియో కోర్సుకి 38 వేలు పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నారు. బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. ఇద్దరూ రోజూ గంట, గంటన్నర సైన్స్ వీడియోలు చూస్తారు. బ్లాక్ హోల్ గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు. మంచు ముక్క నీళ్ళ మీద ఎందుకు తేలుతుందని స్కూల్లో అడిగితే మాత్రం నీళ్ళు నములుతున్నారు. ఈలోగా ఒక కంపెనీ మనిషి ఇంటికొచ్చి, సైన్సూ క్రియేటివిటీ రెండూ నేర్పే వీడియో కోర్సు అని చూపించి, ఇద్దరికీ కలిపి ఏడాదికి 38 వేలన్నాడు. కొనాలా వద్దా, అసలు వీడియోలు చూస్తే పిల్లలకి సైన్స్ వస్తుందా అని అడిగారు. మంచి వీడియోల పేర్లు కూడా చెప్పమన్నారు.

ఇప్పుడే కొనకండి. వీడియోలతో సైన్స్ వస్తుంది, నేను కళ్ళారా చూశాను. కానీ అది వచ్చేది వీడియో ఆపినప్పుడు. ఫలితం చూపించే ముందు ఆపి "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగి, పిల్లలు తమ చేతులతో చేసి చూసుకుని, ఆ తర్వాత మిగతాది చూస్తే వస్తుంది. ఆ ఆపే పని చేసే పెద్దమనిషి ఇంట్లో ఉంటే ఉచితంగా దొరికే వీడియోలే చాలు. లేకపోతే 38 వేల కోర్సు కూడా ఇంకో సీరియల్ లాగే నడిచిపోతుంది.

నేను ఏ అనుభవంతో చెబుతున్నానో కూడా చెప్పాలి కదా. మాది హిందూపురం దగ్గర. 1998లో బెంగళూరు వచ్చాను. పదకొండేళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. తర్వాత ఆరేళ్ళు ఒక వీడియో కంపెనీలో పిల్లల సైన్స్ కార్యక్రమాలకి స్క్రిప్టులు రాశాను. ఇప్పుడు రామమూర్తి నగర్‌లో శని, ఆదివారాలు నాలుగు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రయోగాలు చేయిస్తున్నాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగు పిల్లలే. వీడియో తయారయ్యే చోటా, అది చూసిన పిల్లలు వచ్చి కూర్చునే చోటా రెండు వైపులా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, పిల్లలు గడగడా చెప్పడం ఎందుకు మోసం చేస్తుందంటే

వీడియో ఎంత బాగుంటే అంత "అర్థమైపోయింది" అనిపిస్తుంది. డెరెక్ ముల్లర్ అనే ఆయన సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పూర్తి చేసిన పీహెచ్‌డీ దీని మీదే. ఫిజిక్స్ విద్యార్థులకి రెండు రకాల వీడియోలు చూపించారు. ఒకదాంట్లో విషయం సూటిగా, స్పష్టంగా చెప్పారు. రెండోదాంట్లో మామూలుగా జనం అనుకునే తప్పుడు అభిప్రాయాన్ని ముందు పెట్టి, దాని గురించి వాదించుకుని, తర్వాత అసలు సంగతికి వచ్చారు. మొదటి రకం చూసినవాళ్ళు బాగుంది, స్పష్టంగా ఉందన్నారు కానీ పరీక్షలో పెద్దగా మెరుగుపడలేదు. రెండో రకం చూసినవాళ్ళు బుర్రకి పని ఎక్కువైందన్నారు, కానీ నేర్చుకున్నది వాళ్ళే.

నాకు ఇది చదవక ముందే క్లాసులో అనుభవం. పిల్లల మనసులో ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. వీడియో చెప్పింది దాని పక్కన వచ్చి కూర్చుంటుంది, దాన్ని కదిలించదు. పైగా వీడియో చెప్పింది కూడా తాము అనుకున్నదే అని పిల్లలకి అనిపిస్తుంది. అందుకే బ్లాక్ హోల్ గురించి చెప్పగలుగుతారు, ఎందుకంటే దాని మీద వాళ్ళకి ముందు ఏ అభిప్రాయమూ లేదు. మంచు ముక్క దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే "తేలికైనవి తేలతాయి" అనే మాట లోపల గట్టిగా నాటుకుని ఉంది.

కొవ్వొత్తి సంగతి

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. స్క్రిప్టులు రాసే రోజుల్లో నేను రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువ మంది చూసినది కొవ్వొత్తి ప్రయోగం. కంచంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో ఐదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయి" అని రాశాను. నేను చదువుకున్న పుస్తకంలోనూ అలాగే ఉండేది. కంపెనీలో ఎవరూ సరిచూడలేదు, నేనూ సరిచూసుకోలేదు. బొమ్మలు, సంగీతం అన్నీ బాగా కుదిరాయి.

రెండేళ్ళ తర్వాత నా ఆదివారం క్లాసులో అదే ప్రయోగం చేయిస్తున్నాను. నీళ్ళు బాగా కనబడాలని చిటికెడు పసుపు కలిపాం. ఐదో తరగతి పాప ఒకతి కంచం పక్కనే గడ్డం ఆనించుకుని, కన్ను గ్లాసు అంచుకి సమానంగా పెట్టి చూస్తోంది. "టీచర్, గ్లాసు పెట్టగానే అంచు కింద నుంచి బుడగలు వచ్చాయి. ఇంకా... మంట ఉన్నప్పుడు నీళ్ళు సరిగ్గా ఎక్కలేదు, ఆరిపోయాకే సర్రున ఎక్కాయి. ఆక్సిజన్ మంట ఉన్నప్పుడే కదా ఖర్చవ్వాలి?" అంది.

ఆ పాప అడిగింది నిజం. ఇంకోసారి చేశాం, ఈసారి నాలుగు బర్త్‌డే కొవ్వొత్తులు ఒకే గ్లాసు కింద పెట్టి. గ్లాసు అదే, అందులో పట్టే గాలి అంతే, అందులోని ఆక్సిజనూ అంతే. నీళ్ళు మాత్రం ఒక కొవ్వొత్తి పెట్టినప్పటి కంటే బాగా పైకి ఎక్కాయి. నేను రాసిన కారణమే నిజమైతే అలా జరగకూడదు. అసలు కారణం వేడి. మంట పెట్టగానే గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక లోపలి గాలి చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి నీళ్ళని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది కూడా. మండేటప్పుడు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి కాబట్టి ఖాళీ అయిన చోటు లెక్క అంత సులువుగా చెప్పేది కాదు.

ఆ వీడియో మార్చమని కంపెనీకి రాశాను. చాలా కాలం మార్చలేదు. ఇప్పటికీ ఇదే తప్పు కారణం చెప్పే వీడియోలు మీకు పదుల్లో దొరుకుతాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ వీడియోని వేలమంది పిల్లలు చూశారు. తప్పు దొరికింది మాత్రం కంచానికి గడ్డం ఆనించి చూసిన పాపకి.

మన ఊరి వేడినీళ్ళు

ఇంకో సంగతి. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని ప్రతి వీడియో చెబుతుంది. ఏడో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గర థర్మామీటర్ పెట్టి చూశాడు. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, 97 దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాడు, కదల్లేదు. "థర్మామీటర్ చెడిపోయింది టీచర్" అని ఇంకోటి తీసుకున్నాడు. అదీ 97. మూడోదీ అంతే. అప్పుడు వాడి మొహం చూడాలి మీరు.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి నీళ్ళు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. ఆ అబ్బాయి సంక్రాంతి సెలవులకి చెన్నైలో పిన్ని వాళ్ళింటికి వెళ్తూ నా థర్మామీటర్ అడిగి తీసుకెళ్ళాడు. అక్కడ వంటింట్లో 100కి దాదాపు దగ్గరగా వచ్చిందని వాళ్ళ పిన్ని ఫోన్‌లోంచి ఫోటో పంపించాడు. కొండ మీద ఊళ్ళలో పప్పు ఎందుకు ఆలస్యంగా ఉడుకుతుందో, కుక్కర్ ఎందుకు కావాలో ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. తనే వచ్చి నాకు చెప్పాడు.

వీడియో ప్రపంచం మొత్తానికి ఒకే మాట చెబుతుంది. మన వంటింట్లో ఎంతకి మరుగుతాయో వంటింట్లోనే తేలుతుంది.

(మరిగే నీళ్ళ పని పెద్దవాళ్ళు పక్కన ఉండి చేయించాలి. నాలుగో తరగతి పాపని పొయ్యి దగ్గరికి అస్సలు పంపకండి, అంకె చదివే పని ఇవ్వండి.)

మరి వీడియో ఎందుకు? నేరుగా ప్రయోగాలే చేయించొచ్చు కదా?

వీడియో మాత్రమే చూపించగలిగేవి చాలా ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు. మొక్కజొన్న గింజ పేలడం స్లో మోషన్‌లో, గింజ మొలకెత్తడం నాలుగు రోజులది నలభై సెకన్లలో, మైక్రోస్కోప్ కింద చెరువు నీటి చుక్క. ఇవి ఇంట్లో కంటితో చూడలేం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని ఒకేసారి వదిలిన దృశ్యం. నిమిషం కూడా ఉండదు. నేను చేసేది ఒకటే. వదలబోయే ముందు ఆపేస్తాను. "చీటీ మీద రాయండి, ఏది ముందు పడుతుంది?" అంటాను. ఎక్కువ మంది సుత్తి అని రాస్తారు. ప్రతిసారీ ఇద్దరో ముగ్గురో "ఏదీ పడదు, గాల్లో తేలుతుంది" అని రాస్తారు. వాళ్ళ దృష్టిలో చంద్రుడి మీద గురుత్వాకర్షణే లేదు. నిజానికి భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు ఉంది. ఆ చీటీలు చూడకపోతే ఆ పిల్లల మనసులో ఈ తప్పు ఉందని నాకెప్పటికీ తెలిసేది కాదు. తర్వాత వీడియో నడిపిస్తే రెండూ ఒకేసారి కింద పడతాయి. క్లాసంతా ఒక్కసారిగా అరుస్తుంది. ఆపకుండా చూపించిన బ్యాచ్‌లో ఆ అరుపు ఉండదు, "ఓకే" అని తర్వాతి వీడియో అడుగుతారు.

ఇంట్లో మీరు చేయవలసింది

ఇద్దరికీ చెరో రెండొందల పేజీల నోట్‌బుక్ కొనండి. మా దగ్గర దాన్ని ఊహల పుస్తకం అంటాం. వారానికి మూడు రోజులు, రోజుకి ఒకే వీడియో, ఐదు నుంచి పది నిమిషాలది. అంతకంటే పొడుగుదైతే ముక్కలు చేసి చూడండి. పిల్లల పక్కన కూర్చుని, ఫలితం వచ్చే క్షణానికి ముందు ఆపండి. అడగాల్సినవి మూడే ప్రశ్నలు: ఏమవుతుంది? ఎందుకనుకుంటున్నావు? మనం ఎలా తేల్చుకోవచ్చు?

జవాబు రాయాలి. రాయడం ముఖ్యమండి. రాయకపోతే ఫలితం చూశాక "నేనూ అదే అనుకున్నా" అంటారు, పాపం నిజంగానే అలా అనిపిస్తుంది వాళ్ళకి. పాపకి రాయడం విసుగైతే బొమ్మ గీయమనండి. తప్పు ఊహకి నవ్వకండి, వాళ్ళ అన్నని కూడా నవ్వనివ్వకండి. తప్పు ఊహ దొరికిందంటే ఆ రోజు పని జరిగినట్టే.

మిగతా నాలుగు రోజులు వీడియో లేదు, చూసినదాన్ని చేయడమే. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతారు, సామాను లేదంటారు. సామాను ఇంట్లోనే ఉంటుంది: స్టీలు కంచం, గ్లాసులు, నిమ్మకాయ, ఉప్పు, దారం, బెలూన్లు. మోటారు, అయస్కాంతం, ఎల్‌ఈడీ బల్బుల లాంటివి మన బెంగళూరు ఎస్పీ రోడ్డులో చాలా చవగ్గా దొరుకుతాయి. బాబుని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఆ వీధిలో తిరగడమే వాడికి ఒక పాఠం.

మంచు ముక్క ప్రశ్నకి కూడా ఇంట్లోనే జవాబుంది. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు సగం పోసి, ఎక్కడిదాకా ఉన్నాయో స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, ఫ్రీజర్‌లో నిలబెట్టండి. పొద్దున్నే చూస్తే మంచు గీత దాటి ఉంటుంది. అవే నీళ్ళు ఎక్కువ చోటు తీసుకున్నాయి, బరువు మారలేదు. అక్కడి నుంచి ఎందుకు తేలుతుందో పిల్లలే చెప్పగలరు. గాజు సీసా మాత్రం వద్దు, పగిలిపోతుంది.

ఏ వీడియో మంచిది?

పేర్లు చెప్పమని అడిగారు. పేర్ల కంటే గుర్తులు చెబితే రేపు వచ్చే కొత్తవాటికీ పనికొస్తాయి. ప్రయోగం మొదలైనప్పటి నుంచి ఫలితం దాకా కెమెరా కట్ చేయకుండా చూపిస్తే నమ్మొచ్చు. చేసేవాళ్ళకి మొదటిసారి కుదరకపోవడం చూపించి, ఎందుకు కుదరలేదో వెతికితే ఇంకా మంచిది. కొలతలు చెప్పాలి. చెప్పే ముందు ప్రశ్న వేసి కాస్త సమయం ఇవ్వాలి. అడుగడుగునా మ్యాజిక్, వావ్ అంటూ, ప్రతి మూడు సెకన్లకీ దృశ్యం మారుతుంటే పక్కన పెట్టేయండి.

నిజం కానివి కూడా కొల్లలుగా ఉన్నాయి. నిమ్మకాయకో ఉల్లిపాయకో వైరు గుచ్చి ఫోన్ ఛార్జ్ చేసే వీడియోలు మీ పిల్లలూ చూసే ఉంటారు. రాగి, జింకు ముక్కలు గుచ్చిన నిమ్మకాయ ఇచ్చేది సుమారు 0.9 వోల్టు, కరెంటు ఒక మిల్లీఆంపియర్ కూడా ఉండదు. ఫోన్‌కి కావలసింది 5 వోల్టులు, ఒక ఆంపియర్ అటూ ఇటూ. దీన్ని తిట్టి వదిలేయకుండా బాబు చేత మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే పరికరం) పెట్టించి కొలిపించండి. మూడు నాలుగు నిమ్మకాయలు వరసగా కలిపితే చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతుంది, గది చీకటి చేసి చూడాలి. అబద్ధం వీడియోని సొంతంగా కొలిచి పట్టుకున్న పిల్లవాడు తర్వాత ఏ వీడియోనీ ఊరికే నమ్మడు.

ఒక్క పేరు మాత్రం చెప్పకుండా ఉండలేను: అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, జీవితమంతా పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడం నేర్పుతూ గడిపిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొమ్మల వీడియోలు చిన్నవి, ఉచితం. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆయన చేసే ఆకారాలు చూసి మా పిల్లలు త్రిభుజం ఎందుకు వంగదో, చతురస్రం ఎందుకు పక్కకి వాలిపోతుందో చేత్తో పట్టుకుని తెలుసుకున్నారు. వాల్వ్ ట్యూబు సైకిల్ షాపులో అడిగితే ఇస్తారు.

క్రియేటివిటీ గురించి

మీకు చూపించిన కోర్సులో క్రియేటివిటీ పేరుతో ఏముందో అడగండి. చాలావాటిలో ఉండేది "ఈ కాగితం ఇలా మడవండి, ఇక్కడ కత్తిరించండి, ఇక్కడ అతికించండి". చివరికి ఇరవై మంది పిల్లలకీ ఇరవై ఒకేలాంటి సీతాకోకచిలుకలు. చేతికి పని, ఓపిక వస్తాయి, అది మంచిదే. కానీ కొత్తగా ఆలోచించడం వేరే సంగతి.

నేను చేసేది ఏమిటంటే, వీడియోలో చూసినట్టే ఒకసారి చేయనిస్తాను. రెండోసారి ఒక నియమం మారుస్తాను. బెలూన్ కారు చేశారా, ఇప్పుడు చక్రాలు లేకుండా నడిపించండి. కాగితం వంతెన కట్టారా, ఇప్పుడు జిగురు వాడకుండా కట్టండి. మొదటి పది నిమిషాలు గోలగోల. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మీరు నోరు విప్పకూడదు, నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇంకా మంచిది, పిల్లల చేతే వీడియో చేయించడం. పోయినేడు మా క్లాసులో నాలుగో తరగతి పాప మెంతులు మొలకెత్తడం తీసింది. తడి దూది మీద గింజలు వేసి, ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టి, మెలకువగా ఉన్నంతసేపూ అరగంటకి ఒక ఫోటో, నాలుగు రోజులు. సెకనుకి 12 ఫోటోల చొప్పున కలిపితే పది సెకన్ల వీడియో అయింది. మధ్యలో రాత్రుల దగ్గర మొలక ఒక్కసారిగా గెంతినట్టు కనబడింది. "రాత్రి కూడా పెరిగింది, నేను నిద్రపోయినా" అంది. మొక్క పెరగడానికి వెలుతురు అవసరమని వాళ్ళ పుస్తకంలో ఉంది. మరి చీకట్లో ఎలా పెరిగిందనే ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది. గింజలోనే దాచుకున్న ఆహారం ఉంటుందని తెలుసుకోవడానికి ఇంకో వారం పట్టింది, ఆ వారమంతా ఆ పాపకి వేరే ధ్యాస లేదు.

బాబుకి స్క్రాచ్ చూపించండి. ఎంఐటీ వాళ్ళు 2007లో పిల్లల కోసం విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామింగ్ భాష, ప్రధానంగా 8 నుంచి 16 ఏళ్ళవాళ్ళ కోసం. తెలుగులో కథలూ ఆటలూ చేసిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు. దాని వీడియో పాఠాలు ఒకటి రెండు చాలు, తర్వాత వదిలేయండి.

భాష

ఇది మీరు అడగలేదు, కానీ చెప్పాలి. మన పిల్లలు ఇక్కడ ఇంగ్లీషులో చదువుతారు, స్కూల్లో కన్నడం, ఇంట్లో తెలుగు. వీడియో ఏ భాషలో చూసినా సరే, చూసింది అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పమనండి. ఎవాపరేషన్ అని చెప్పి తప్పించుకోవడం కుదరదు. "అంటే ఏమిట్రా?" అని తాతయ్య అడుగుతారు. అప్పుడు కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చెప్పాలి. కుండ చెమ్మ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుందని తెలుగులో చెప్పగలిగితే నిజంగా అర్థమైనట్టు. చెన్నైలో అదే కుండ అంత చల్లబడదెందుకని తాతయ్య అడిగితే ఇంకా మంచిది, గాలిలో తేమ దాకా వెళ్తారు.

టీవీ చూపించి వదిలేస్తే సరిపోదని మనకి ఎప్పుడో తెలుసు

1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో వాళ్ళు సైట్ అనే ప్రయోగం చేశారు. నాసా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీ కార్యక్రమాలు పంపారు. పొద్దునపూట బడి పిల్లలకి, అందులో సైన్స్ కూడా. అప్పుడు కూడా వాళ్ళు టీవీ పెట్టి చేతులు దులుపుకోలేదు. వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి టీవీ, రేడియో, చేతితో చేసే ప్రయోగాలు కలిపి శిక్షణ ఇచ్చారు. యాభై ఏళ్ళ తర్వాత మనకి స్క్రీన్ జేబులోకి వచ్చింది, పక్కన ఉండాల్సిన మనిషి తగ్గిపోయాడు.

డబ్బు సంగతి

వచ్చినతను ఈఎంఐ అన్నాడా? అయితే కాగితం పూర్తిగా చదవండి. చాలా చోట్ల అది కంపెనీకి కట్టే ఫీజు కాదు, వేరే ఫైనాన్స్ సంస్థ దగ్గర మీ పేరు మీద తీసుకునే అప్పు. కోర్సు ఆపేసినా వాయిదా ఆగదు. 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ కూడా తల్లిదండ్రులని ఈ విషయంలోనే హెచ్చరించింది: తెలియకుండా లోన్ కాగితాల మీద సంతకం పెట్టొద్దు, ఆటో డెబిట్‌కి ఒప్పుకోవద్దు అని. మా క్లాసుకి వచ్చే ఒక కుటుంబం పిల్లవాడు రెండు వారాల్లో చూడటం మానేసిన కోర్సుకి పద్నాలుగు నెలలు కట్టింది. ఆ తల్లి పడిన టెన్షన్ నాకు తెలుసు. "ఈ రోజే సంతకం పెడితే డిస్కౌంట్" అంటే తలుపు వేసేయండి.

కొనడమే తప్పని నేననడం లేదు. మీరిద్దరూ రాత్రి ఎనిమిది దాటితే గానీ ఇంటికి రాకపోతే, కోర్సుతో పాటు వారానికోసారి నిజం మనిషి పది మంది లోపు పిల్లలతో మాట్లాడే క్లాసు, ఇంటికి సామాను పెట్టె వస్తుంటే ఆలోచించొచ్చు. అప్పుడు కూడా నెల నెలా కట్టే పద్ధతి ఉంటేనే.

ఆ 38 వేలలో పదో వంతు పెట్టి ఈ ఊళ్ళో ఎంత చూపించవచ్చో చూడండి. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం, హైగ్రౌండ్స్‌లో నెహ్రూ ప్లానిటోరియం, హెబ్బాళ దగ్గర 2024లో తెరిచిన సైన్స్ గ్యాలరీ. ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్ళు ఏడాదికోసారి ఓపెన్ డే పెట్టి అందరినీ ల్యాబుల్లోకి రానిస్తారు, అది మాత్రం వదలకండి. రాళ్ళ గురించి వీడియో చూసిన వారమే లాల్‌బాగ్ బండ ఎక్కించండి. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. దాని మీద కూర్చుని జామకాయ తింటూ ఆ మాట చెప్పండి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది, పల్లె పిల్లల కోసం సైన్స్ ప్రయోగాలు చేయిస్తుంటారు. స్కూలు ద్వారా అడిగి చూడండి.

కళ్ళ గురించి ఒక్క మాట. ఇద్దరూ గంటన్నర చూస్తున్నారన్నారు, దాన్ని అరగంటకి దించండి. ఫోన్‌లో కాదు, దూరంగా టీవీలో పెట్టండి. మీరు పక్కన కూర్చోవడానికీ అదే వీలు.

చివరిగా, వచ్చే ఏప్రిల్‌కి ఒక పని

బెంగళూరులో ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో, సూర్యుడు నడినెత్తి మీదికి సరిగ్గా వస్తాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఏప్రిల్‌లో అది మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో. ఆగస్టులో మబ్బులుంటాయి కాబట్టి ఏప్రిలే నయం. నీడ లేని రోజు వీడియోలు చాలానే ఉన్నాయి. ముందు రోజు ఒకటి చూడండి, నీడ మాయమయ్యే ముందు ఆపేయండి, మిగతాది డాబా మీద.

పోయిన ఏప్రిల్‌లో మా పిల్లలు మీటరు పొడుగు పీవీసీ పైపు నిలబెట్టారు, లంబంగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకున్నారు. అదే సమయానికి ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఉన్న తన బావకి ఫోన్ చేసింది. వాడూ డాబా మీద మీటరు కర్రతో సిద్ధంగా ఉన్నాడు. హైదరాబాద్‌లో నీడ లేని రోజు మే 9 ప్రాంతంలో వస్తుంది, కాబట్టి ఆ రోజు అక్కడ నీడ ఉంటుంది. మధ్యాహ్నం కూడా మూడు నాలుగు నిమిషాలు ముందే. "ఎంత ఉంది? ఎంత ఉంది?" అని ఇక్కడి నుంచి అందరూ అరుస్తున్నారు. "ఎనిమిది సెంటీమీటర్లకి కొంచెం తక్కువ" అన్నాడు.

కాగితం మీద గీసి కోణం కొలిచారు, నాలుగున్నర డిగ్రీలు వచ్చింది. 360ని నాలుగున్నరతో భాగిస్తే 80. మ్యాపు మీద రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణాల దూరం 490 కిలోమీటర్లని కొలుచుకున్నారు. 80ని 490తో గుణిస్తే 39,200. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. పైపు, కర్ర, ఫోనుతో వాళ్ళు కొలిచింది అంత దగ్గరికి వచ్చింది. మీ బాబు ఏడో తరగతి కాబట్టి ఈ లెక్క మొత్తం తనే చేయగలడు. పాప చేత దారానికి రాయి కట్టించండి. హైదరాబాద్‌లో మీకు చుట్టాలుంటే ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆ రోజు మధ్యాహ్నం డాబా మీద ఉండాలని.